పందొమ్మిది బై నలభై రెండు

దస్తావేజులు రాసేవాడికి కోపం ఉండకూడదంటారు. నాకుంది. అనకాపల్లి సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి ఎదురుగా, రేకు చూరు కింద ఏటవాలు బల్ల వేసుకుని ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటున్నాను. ఈ త్రినాధరావు రాసిన కాగితాన్ని ఇంతవరకు ఏ కోర్టూ తప్పు పట్టలేదు. ఎందుకంటే రాసిందంతా పైకి చదివి వినిపిస్తాను. అర్థమైందా అని అడుగుతాను. కాలేదంటే కసురుకుని మరీ మళ్ళీ చెబుతాను. ఆ తరవాతే వేలికి సిరా పూస్తాను. ఆ అలవాటే నన్ను ఈ గొడవలోకి దింపింది.

నలభై ఆరో సంవత్సరం, మాఘమాసం. ఊరి చుట్టూ గానుగలు ఆడుతున్నాయి, గాలి పీలిస్తే బెల్లప్పాకం వాసన. గవరపాలెం దాటాక పొలం ఉన్న అప్పారావు అనే కుర్రరైతు తన వదినని వెంటబెట్టుకుని వచ్చాడు. వాడికి ఇరవై ఒకటో ఏడు. ఆవిడ పేరు తల్లమ్మ, ముప్పై లోపే ఉంటుంది. పక్క రైతు సింహాచలంతో పొలం మార్పిడి చేసుకుంటే బావి తమ వైపు వస్తుందని వాడి ఆశ. చిక్కల్లా ఏమిటంటే పొలం అన్నదమ్ములిద్దరి పేరా ఉంది. అన్న భీమన్న ఏడేళ్ళ కిందట కూలికి బర్మా దేశం, రంగం వెళ్ళాడు. యుద్ధంలో రంగం మీద బాంబులు పడ్డాక అక్కడి మనవాళ్ళు అడవుల్లో పడి నడిచి వచ్చారు గదా, వాళ్ళలో భీమన్న లేడు. అన్న సంతకమైనా కావాలి, అన్న పోయాడని చెప్పి వదిన వేలిముద్రయినా కావాలి.

నేను రాసి, అలవాటు ప్రకారం చదివాను. "లేటు భీమన్న భార్య తల్లమ్మ వ్రాయించి ఇచ్చినది ఏమనగా..."

తల్లమ్మ తల ఊపింది. "అవును బాబూ, లేటే. శానా లేటు."

నేను సిరా పూయగానే తనే బొటనవేలు ముందుకు చాపింది. మొగుడు పోయాడని ఒప్పుకునే ఆడమనిషి వేలు అంత హుషారుగా చాపదు. నాకెందుకో అనుమానం వేసింది.

"లేటంటే ఏటనుకుంతన్నావు?" అన్నాను.

"రైలు లేటన్నట్టే గదా బాబూ? టేసను కాడ రోజూ ఇంతాను. మెయిలు రెండు గంటలు లేటంతారు. లేటయినా వత్తాది గదా మరి."

అప్పారావు నేలచూపులు చూశాడు. వెధవకి తెలుసు. "నానేటీ సెప్పలేదు బాబూ, వొదినే అలగ అనుకుంది," అని గొణిగాడు.

నాకు ఒళ్ళు మండింది. వాడి మీద మండిన కోపం ఆవిడ మీద కక్కాను. "లేటంటే ఆలస్యం కాదు. పోయేడని! మీ ఆయన చచ్చిపోయేడని ఇందులో రాసేను!"

అన్న మరుక్షణం నాలుక కొరుక్కున్నాను. తల్లమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. వేలికున్న సిరాని చీర చెంగుకి తుడిచింది, పోకపోతే గోడకి రాసింది. ఏడవలేదు. "రేపు నానూ కాయితం తెత్తాను. మా ఆయన బతికున్నాడనడానికి నా కాడా కాయితం ఉంది. దొరసాని సేవ్రాలు సేసి మరీ ఇచ్చింది," అని వెళ్ళిపోయింది.

మర్నాడు తెచ్చింది. పాత చీరలో చుట్టిన రెండు అట్టలు, వాటి మధ్య ఒక మందపాటి కాగితం. బల్ల మీద పరవగానే అంచున నాలుగు చీమలు బయలుదేరాయి.

అది దస్తావేజు కాదు, బొమ్మ. నల్లటి సన్నగీతలతో గీసిన బొమ్మ. చెరకుతోట ఉంది, గెడల చివర ఆకులకి బదులు చేపలు వేలాడుతున్నాయి. తోట కింద నేల లేదు, సముద్రం ఉంది. ఆ నీళ్ళ మీద ఒక మగమనిషి నడుస్తున్నాడు. వాడి భుజాల మీద చెరకు గానుగ. గానుగలోంచి రసం రావడం లేదు, ఒక రోడ్డు వస్తోంది. ఇవన్నీ ఎలాగో ఓర్చుకున్నాను. కాని వాడికి మొహం లేదు. మొహం ఉండాల్సిన చోట తలుపుంది. మూసిన తలుపు, గొళ్ళెం పెట్టిన తలుపు.

కాళ్ళు మాత్రం కాళ్ళే. ఎడమకాలి రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కి ఉంది. చిటికెన వేలికి గోరు లేదు.

"ఎవరిది ఈ పని?" అన్నాను.

"బొమ్మల దొరసానిది బాబూ."

విశాఖపట్నం మీద బాంబులు పడినప్పుడు వాల్తేరు నుంచి అందరూ పారిపోయి వచ్చారు గదా, అప్పుడు వచ్చిందట. జర్మనీ వాళ్ళు తరిమేస్తే సొంత దేశం వదిలిన మనిషి. అప్పారావు పొలం పక్కనున్న తోటబంగళాలో ఏడాది ఉంది. తల్లమ్మ ఆవిడకి అంట్లు తోమి ఇల్లు తుడిచేది. దొరసాని బొమ్మ తియ్యాలంటే రాగిరేకు మీద సూదితో గీసి, ద్రావకంలో ముంచి, రంగు పులిమి, దాని మీద తడి కాగితం, కాగితం మీద కంబళి వేసి, రెండు దొర్లే ఇనపరోళ్ళ మధ్య నొక్కించాలట. ఆ యంత్రం వాల్తేరులో ఉండిపోయింది. ఇక్కడ ఇనపరోళ్ళు ఎవరికున్నాయి? అప్పారావుకే.

"గానుగలో పెట్టించింది బాబూ," అంది తల్లమ్మ. "నాను ఎడ్లు తోలేను. అటునించి కాయితం ఎడితే ఇటునించి బొమ్మ వచ్చీది."

"ఆ రంగు అంటుకుని రెండు పాకాలు నల్లబడిపోనాయి," అన్నాడు అప్పారావు. వాడు కూడా వెంట వచ్చాడు మరి. "ఆ బెల్లం సంతలో ఎవుడూ ముట్టలేదు."

చీమల సంగతి అప్పుడు అర్థమైంది. కాగితం మూల గోధుమరంగు మరక ఒకటి ఉంది. చెరకురసం.

బొమ్మ కింద ఎడమవైపు 19/42 అని ఉంది. కుడివైపు సంతకం, రెండూ పెన్సిలుతో! నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. రబ్బరుతో తుడిస్తే పోయే సంతకం కూడా సంతకమేనా?

"పెన్సిలు సేవ్రాలు చెల్లదు తల్లమ్మా."

"అంకెలేటి సెప్తన్నాయి బాబూ?"

అంకెలు నాకు తెలుసు. భాగపంపకాల కాగితాలు ఎన్ని వందలు రాశాను! గీతకి పైన ఉన్నది మన భాగం, కింద ఉన్నది మొత్తం భాగాలు. "ఇందులో నలభై రెండు వాటాలు. నీవి పందొమ్మిది," అన్నాను.

"ఏటిలో బాబూ?"

"అదే తెలీటం లేదు."

ఆవిడ బొమ్మ వంక చూసింది. అందులో ఉన్నది ఒక్క మనిషే. ఆవిడ మొహం మెల్లగా పాలిపోయింది. "మా ఆయనలోనా? మరైతే మిగతా ఇరవై మూడూ ఎవులియి? రంగంలో ఇంకో ఆవిడ గాని ఉందేటి?"

అప్పారావుకి కూడా ఆ మాట పట్టుకుంది. రంగంలో ఇంకో సంసారం పెట్టినవాళ్ళు వాళ్ళ ఊళ్ళోనే ఇద్దరున్నారు. చూస్తూ చూస్తూ నేను ఒక మనిషిని భాగాలు వేసి పంచేశాను. ఇరవై రెండేళ్ళలో నా బల్ల ముందు అంత అయోమయం ఎప్పుడూ జరగలేదు.

ఆ సాయంత్రం బొమ్మ పట్టుకుని హైస్కూల్లో డ్రాయింగు చెప్పే కన్నబాబు మేష్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు, తీసేసి చూశాడు, తలకిందులుగా కూడా చూశాడు. "గీత మంచిదే. మనిషికి జ్వరం ఉండగా గీసింది," అన్నాడు. అంకెలు వాటా కాదన్నాడు. "పందొమ్మిది వందల నలభై రెండు. మధ్యలో గీత పొరపాటున పడింది."

"పొరపాటున ఇంత తిన్నగా పడుతుందా మేష్టారూ?"

"వాటా అయితే ఏ ఆస్తిలో వాటాయో చెప్పండి మరి," అన్నాడు. మాటా మాటా పెరిగి కాఫీ తాగకుండానే లేచి వచ్చేశాను.

సంవత్సరమనే మాట తల్లమ్మతో చెబితే ఇంకా చెడింది. రంగం నుంచి జనం నడిచి వచ్చింది ఆ ఏడే. "అయితే ఆ యేడు దొరసాని మా ఆయన్ని ఎక్కడో సూసిందన్నమాట. సూడకపోతే కాళ్ళు అలగ ఎలగ గీత్తాది?" అంది. ఆ కాళ్ళు నన్ను కూడా పీడిస్తున్నాయి. తక్కినదంతా కల్లబొల్లి అయితే ఆ గోరులేని చిటికెన వేలు ఎక్కడి నుంచి వచ్చింది?

అట్ట వెనక కలకత్తా చిరునామా అంటించి ఉంది. ఉత్తరం రాశాను. నా ఇంగ్లీషు దస్తావేజు ఇంగ్లీషు. సదరు పటములోని సదరు పురుషుడు సదరు భీమన్న అవునా కాదా, సదరు 19/42 వాటాయా సంవత్సరమా, సదరు భీమన్న జీవించి ఉన్నట్టు తమకు తెలియునా, తెలిసిన ఎటుల తెలియును అని నాలుగు ప్రశ్నలు వేసి పంపాను. జవాబు వచ్చేదాకా మార్పిడి కాగితం మీద వేలిముద్ర పడదని అప్పారావుకి చెప్పాను. వాడు చిందులు తొక్కాడు. సింహాచలం మామ మనసు మార్చుకుంటే బావి పోతుందన్నాడు.

"పోతే పోనీ, ఏటి సేత్తాం?" అన్నాను. మనసులో మాత్రం భయం లేకపోలేదు. ఎవరి బావి కోసం, ఎవరి మొగుడి కోసం నేను ఈ తగువు నెత్తిన పెట్టుకున్నాను?

మూడు వారాలకి జవాబు వచ్చింది. ఇద్దరినీ పిలిపించాను. తల్లమ్మ చూరు కింద స్తంభానికి ఆనుకుని నిలబడింది. అప్పారావు మార్పిడి కాగితం చంకలో పెట్టుకుని కూర్చున్నాడు. బొమ్మని బల్ల మీద పరిచి, నేను ఒక్కో వాక్యం చదువుతూ తెలుగు చెప్పసాగాను.

ముందు అంకెల సంగతి. ఒకే రాగిరేకు నుంచి ఇలాంటి బొమ్మలే నలభై రెండు తీసిందట. ఇది పందొమ్మిదోది. నలభై రెండూ తీశాక రేకుని గీకి పాడు చేసేసిందట, నలభై మూడోది ఎప్పటికీ పుట్టకుండా. వాటా కాదు, సంవత్సరమూ కాదు. నేనూ ఓడిపోయాను, మేష్టారూ ఓడిపోయాడు. పెన్సిలు సంతకం వాళ్ళ వృత్తిలో ఆచారమట. నాకిప్పటికీ మింగుడు పడలేదు.

"మిగతా ఇరవై మూడూ ఎవులియీ కావన్నమాట," అంది తల్లమ్మ. ఆవిడ గొంతులో ఎంత హాయి!

తరవాత ఒక మాట వచ్చింది, నా నిఘంటువులో లేని మాట. తాను సర్రియలిస్టునని రాసింది. రియల్ అంటే స్థిరాస్తి అని ఇరవై రెండేళ్ళుగా నా లెక్క. ముందు ఈ సర్ ఎవరో? కింద ఆవిడే వివరం రాసింది గనక బతికాను. కలలో కనిపించినదాన్ని కళ్ళెదుట ఉన్నంత నిజంగా గీసేవాళ్ళట.

"కలేనా?" అన్నాడు అప్పారావు. "మరింకేటి, కల సాచ్చికం సెల్లుతాదేటి?"

"ఉండు," అని కసిరాను. కాని తరవాతి వాక్యం నేనూ చదవలేక ఆగాను. భీమన్న బతికి ఉన్నాడో లేడో తనకు తెలియదని రాసింది. తానెప్పుడూ అతన్ని చూడలేదట. అదే చదివి చెప్పాను. తల్లమ్మ కళ్ళు మూసుకుంది.

ఇంకో అయిదు వాక్యాలున్నాయి. కళ్ళతో ముందుగా చదువుకున్నాను. ఇవి పైకి చదవాలా, మింగేయాలా అన్నది తేల్చుకోలేకపోయాను. కాగితంలో ఉన్న మాట ఒక్కటి కూడా వదలకుండా చదవడమే నా వృత్తి. కాని ఈ మాటలు మరిది ముందర చదివితే ఆవిడ పరువు ఏమవుతుంది?

"సదువు బాబూ," అంది తల్లమ్మ కళ్ళు మూసుకునే. "అందులో ఏటుందో నాకెరికే. నీ కాడ దాసింది అదే."

చదివాను. "తల్లమ్మ పదకొండు రోజులు కూర్చుని అతని గురించి చెప్పింది. కాళ్ళ గురించి వేలు వేలుగా చెప్పింది. మొహం ఎలా ఉంటుందని రోజూ అడిగాను. పదకొండో రోజున, నాకు తెలియదు అని ఏడ్చింది. అందుకే అక్కడ తలుపు గీశాను."

అప్పారావు లేచి నిలబడ్డాడు. "ఏటే వొదినా! కట్టుకున్నోడి మొకం మరిసిపోనావా? మొకం తెలీనోడి కోసవా నువ్వు నా బావికి అడ్డడిపోనావు?"

తల్లమ్మ సిగ్గుతో కుంచించుకుపోతుందనుకున్నాను. కాని తలెత్తింది.

"మరిసిపోడానికి ఎప్పుడు సూసేనురా? రెండేళ్ళ కాపరం. పగలు మీ అమ్మ ముందర, మీ నాన్న ముందర తలొంచుకుని తిరిగేను. కొత్తకోడలు తలెత్తి మొగుణ్ణి సూత్తే ఊరుకుందురా మీరు? కాళ్ళే సూసేను. వచ్చేడంటే కాళ్ళు వచ్చినాయి, ఎల్లేడంటే కాళ్ళు ఎల్లినాయి. రేత్తిరి దీపం ఆరిపీసీవోరు. టేసను కాడ రైలెక్కినప్పుడయినా సూద్దునా, మీ అమ్మ పక్కనే ఉంది." ఊపిరి తీసుకుంది. "నువ్వు ఆడి తోడబుట్టినోడివి. పద్నాలుగేళ్ళు ఆడి ఎనకాలే తిరిగేవు. సెప్పు. ఎలగుంటాది మీ అన్న మొకం?"

"ఎలగుంటాదా? మా అన్న మొకం..." అని అప్పారావు గట్టిగానే మొదలుపెట్టాడు. "నల్లగా... మరీ నలుపు కాదు. ముక్కు..." చెయ్యి తన ముక్కు దాకా తీసుకెళ్ళి ఆపేశాడు. "నన్నెప్పుడూ బుజాల మీద ఎక్కించుకునీవోడు. సంతకెల్లినా, తీర్తానికెల్లినా. నాకు ఆడి నెత్తి కనపడీది. నడినెత్తి మీద రెండు సుడులు..."

వంగి బొమ్మ వంక చూశాడు. రెండు పాకాలు పాడుచేసిన బొమ్మని ఇన్నేళ్ళలో వాడు సరిగా చూసినట్టు లేదు. ఎడమకాలి మీద వేలు పెట్టాడు. ఎక్కి ఉన్న రెండో వేలు, గోరు లేని చిటికెన వేలు. "బండి మీంచి దింపుతంటే గానుగ రోలు కాలి మీద పడి ఊడిపోయింది ఈ గోరు. నానే... ఎడ్లని నానే అదిలించేను," అన్నాడు. పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నాడు.

నా కళ్ళు కూడా చెమర్చాయి. దాచుకోవడం ఎందుకు?

ఆ తరవాత అప్పారావు చంకలో కాగితం తీసి నా బల్ల కింద పడేశాడు. "సింహాచలం మామకి సెప్పుకుంతాను. బావి లేకపోతే లేదు. సెరువు మీద ఏతాం ఉంది గదా," అన్నాడు.

నేను ఉత్తరం మడిచి తల్లమ్మకి ఇచ్చాను. ఆవిడ తీసుకుంది గాని కదలలేదు.

"బాబూ, పెన్సిలు సేవ్రాలు సెల్లదన్నావు గదా?"

"అన్నాను."

"మరి ఏలిముద్ర సెల్లుతాదా?"

"చెల్లుతుంది. రాసేవాడు రాసి, సాక్షి సంతకం పెడితే చెల్లుతుంది."

"అయితే నా ఏలికి సిరా రాయి."

దేని మీద వేస్తుందో నాకు అర్థం కాలేదు. అయినా ఎడమచేతి బొటనవేలికి సిరా పూశాను. ఆవిడ బల్ల మీదికి వంగింది. కింద దొరసాని సంతకం పక్కన ఖాళీ ఉంది, అక్కడ వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. నీళ్ళ మీద నడుస్తున్న మనిషి దగ్గరికి వేలు తీసుకెళ్ళి, మొహం ఉండాల్సిన చోట, ఆ మూసిన తలుపు మీద నిదానంగా నొక్కింది. తీశాక గొళ్ళెం కనిపించలేదు. కోలగా, గీతలు గీతలుగా ఆవిడ వేలిముద్ర ఉంది.

వేలిముద్ర పడ్డాక ఎవరిదో రాయకపోతే నా చెయ్యి ఊరుకోదు. కాని ఏమని రాయను? ఇది అమ్మకం కాదు, మార్పిడి కాదు, వీలునామా కాదు. ఏ రిజిస్ట్రారూ పుచ్చుకోడు. కలం సిరాలో ముంచి, అంచునున్న ఖాళీలో, చీమల్ని ఊది, ఇలా రాశాను: "రంగము నుండి వచ్చుట లేటయిన భీమన్న భార్య తల్లమ్మ నిశానీ."

అలవాటు ప్రకారం పైకి చదివి వినిపించాను. "అర్థమైందా?" అని అడిగాను.

"అయింది బాబూ," అంది.

దాని కింద, వ్రాసినవాడు అని పెట్టి నా సంతకం చేశాను, సిరాతోనే. కలం అప్పారావు చేతికి ఇచ్చాను. వాడు సాక్షి అన్నచోట కూడబలుక్కుంటూ తన పేరు రాశాడు.

అది ఏ రకం దస్తావేజో నాకు ఇప్పటికీ తెలియదు.